చిన్న మున్సిపాలిటీలను కలిపేస్తే ఖర్చు నిజంగా తగ్గుతుందా?

ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. పక్కపక్కనే తొమ్మిది చిన్న మున్సిపాలిటీలున్నాయి. దేని పాలకమండలి దానిదే, దేని ఆఫీసు దానిదే. ఇంజినీరు కొన్నిచోట్ల ఉన్నాడు, కొన్నిచోట్ల లేడు. అన్నిటినీ కలిపేస్తే ఖర్చు తగ్గి పనులు బాగుపడతాయని ఒక వర్గం అంటోంది. కలిపితే మా ఊరి గోడు వినే నాథుడే ఉండడని ఇంకో వర్గం. ఎవరి మాట నిజం, ఏం చూసి తేల్చుకోవాలి?

నేను ఇరవై ఏళ్లకు పైగా స్థానిక సంస్థల లెక్కలు చూశాను. మూడు విలీనాల్లో ఖాతాలు కలిపే పని నా నెత్తినే పడింది. కాబట్టి సూటిగా చెప్పేస్తాను. ఖర్చు తగ్గించుకోవడానికే అయితే కలపకండి. తగ్గేది కొంచెం, అదీ ఆలస్యంగా. కానీ “చిన్నవాళ్లం కాబట్టి ఈ పని మా వల్ల కావట్లేదు” అని వేలుపెట్టి చూపించగల పని ఒక్కటైనా ఉంటే, అప్పుడు కూర్చుని మాట్లాడుకోవాల్సిందే. ఆ పనికి విలీనమే కావాలా, అంతకన్నా చిన్న మందుతో సరిపోతుందా అన్నది ఆ తర్వాత.

ముందు డబ్బు సంగతి చూద్దాం, ఎందుకంటే అందరూ అక్కడే మొదలుపెడతారు. తొమ్మిది మంది చైర్మన్ల గౌరవ వేతనాలు, తొమ్మిది ఆఫీసుల కరెంటు బిల్లులు, తొమ్మిది ఆడిట్లు. ఇవి కంటికి ఆనే ఖర్చులు, అందుకే సభల్లో బాగా పేలతాయి. బడ్జెట్ పుస్తకం తెరిచి చూస్తే అవి మొత్తంలో చిన్న ముక్క. పెద్ద ముక్కంతా వీధులు ఊడ్చేవాళ్లకి, పంపుల దగ్గర కాపలా ఉండేవాళ్లకి, చెత్తబండి నడిపేవాళ్లకి, బడులూ ఆసుపత్రులూ స్థానిక సంస్థల చేతిలో ఉన్న దేశాల్లోనైతే టీచర్లకీ నర్సులకీ పోతుంది. ఆ లెక్క జనాన్ని బట్టీ వీధుల పొడవును బట్టీ ఉంటుంది కానీ ఆఫీసు బోర్డు మీద ఎన్ని పేర్లున్నాయన్న దాన్ని బట్టి ఉండదు. తొమ్మిది ఊళ్లు కలిసినంత మాత్రాన వీధులు పొట్టివైపోవు.

ఇది నా ఊహ కాదు. డెన్మార్క్ 2007 జనవరి 1న 271 మున్సిపాలిటీలను 98కి కుదించింది. పరిశోధకులకు అది వరం లాంటిది. అంతకుముందే పెద్దవిగా ఉండి విలీనం జోలికి వెళ్లనివి కొన్ని, కలిసినవి కొన్ని, రెండిటికీ ఒకే చట్టాలు, ఒకే లెక్కల పద్ధతి. పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. అలా పోల్చిన ఒక పెద్ద అధ్యయనం 2016లో వచ్చింది. పరిపాలన ఖర్చులోనూ రోడ్ల ఖర్చులోనూ ఆదా కనిపించింది. నిరుద్యోగులకు పని చూపించే విభాగంలో ఖర్చు పెరిగి ఆ ఆదాను మింగేసింది. మిగతా చాలా సేవల్లో పరిమాణం పెరిగినా తగ్గినా తేడాయే లేదు. మొత్తం మీద చూస్తే ఇటుదటు, అటుదిటు.

అంత పద్ధతిగా చేసిన చోటే అలా ఉంటే, హడావిడిగా చేసిన చోట ఏమవుతుందో కెనడాలోని టొరంటో చెబుతుంది. 1998లో టొరంటో, నార్త్ యార్క్, స్కార్‌బరో, ఎటోబికో, యార్క్, ఈస్ట్ యార్క్ అనే ఆరింటినీ, వాటన్నిటి మీదా ఉమ్మడిగా ఉన్న ‘మెట్రో’ అనే పై అంచె ప్రభుత్వాన్నీ కలిపి ఒకే నగరం చేశారు. అంతకుముందు ఏడాది జనాభిప్రాయం అడిగితే ఓటేసిన వాళ్లలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది వద్దన్నారు. రాష్ట్ర ప్రభుత్వం పట్టించుకోలేదు. చెప్పిన ఆదా మాత్రం రాలేదు. కారణం చాలా మామూలుది. ఆరు చోట్ల ఆరు రకాల జీతాలున్నప్పుడు, ఒకే ఆఫీసులో ఒకే పని చేసేవాళ్లకి వేర్వేరు జీతాలు ఎన్నాళ్లు ఇస్తారు? సంఘాలు ఊరుకోవు, ఊరుకోవాల్సిన పనీ లేదు. అన్నీ సమానం చేయాలి. సమానం చేయడమంటే ఎప్పుడూ పైకే, కిందికి దించి సమానం చేసిన చోటు నేను చూడలేదు. సేవలకూ అదే సూత్రం. ఒక ఊళ్లో చెత్త వారానికి రెండుసార్లు తీస్తారు, పక్క ఊళ్లో ఒకసారి. కలిసిన మర్నాడే రెండో ఊరివాళ్లు “మాకెందుకు ఒక్కసారి?” అంటారు. న్యాయమైన ప్రశ్నే కదా.

మరి మనుషుల్ని తగ్గించలేరా? తగ్గించొచ్చు, కాగితం మీద. ఇద్దరు అకౌంటెంట్లలో ఒకరిని తీసేయాల్సి వస్తే ఎవరూ తీసేయరు. ఒకరు చీఫ్, ఇంకొకరు డిప్యూటీ అవుతారు. నేను చూసిన ఒక విలీనంలో ఒకే అంతస్తులో నలుగురు “ప్రత్యేక అధికారులు” ఉండేవాళ్లు. వాళ్ల ప్రత్యేకత ఏమిటో వాళ్లకూ తెలియదు. ఫిన్లాండ్‌లో 2000ల మధ్యలో మొదలైన సంస్కరణలో అయితే విలీనమయ్యే సంస్థల సిబ్బందిని ఐదేళ్లు తీసేయకూడదని చట్టంలోనే రాశారు. తప్పని నేను అనను. ఆ హామీ లేకపోతే అడుగే ముందుకు పడదు. కానీ ఆ ఐదేళ్లూ ఆదా లెక్క వేయకూడదన్న సంగతి సభలో చెప్పాలి.

ఇంకో ఖర్చు ఉంది, దాని గురించి ముందు ఎవరూ మాట్లాడరు. విలీనం ప్రకటించిన రోజుకీ అమలయ్యే రోజుకీ మధ్య నడిచే తంతు అది. రేపు అప్పు అందరిదీ అవుతుందని తెలిసినప్పుడు, ఈ రోజు అప్పు చేసి నా ఊళ్లో ఏదో ఒకటి కట్టించుకోవడమే తెలివైన పని. స్వీడన్‌లో 1952 విలీనాలకు ముందు, కలవబోతున్న మున్సిపాలిటీలు అప్పులు పెంచుకున్నాయని ఆర్థికవేత్తలు లెక్కలు తీసి చూపించారు. కొత్త సంస్థలో నా వాటా పదో వంతే అయితే, ఖర్చులో పది పైసలు నావి, మిగతా తొంభై పైసలు పక్కవాళ్లవి. నా కళ్లతో చూసింది చెప్తాను. పేరెందుకులెండి, ఒక చిన్న ఊరు తన చివరి ఏడాదిలో జనాభాకు మూడింతలకు సరిపోయే సమావేశ మందిరం కట్టించింది. ప్రారంభ శిలాఫలకం మీద పాత పాలకమండలి పేర్లన్నీ ఉన్నాయి. అప్పు వాయిదాలు మాత్రం కొత్త సంస్థ ఖాతాలోంచి పోయాయి, పదకొండేళ్లు. ఆ వాయిదా రాసినప్పుడల్లా నాకా శిలాఫలకం గుర్తొచ్చేది.

జపాన్‌లో ఈ పనిని ప్రభుత్వమే దగ్గరుండి చేయించింది. 1999 మార్చి ఆఖరుకి అక్కడ 3,232 మున్సిపాలిటీలుంటే, 2010 మార్చి ఆఖరుకి 1,727కి తగ్గాయి. జనం ఒప్పుకున్నారంటే ఊరికే కాదు. కలిసినవాళ్లు ప్రత్యేక బాండ్లు తీసుకోవచ్చన్నారు. ప్రాజెక్టు ఖర్చులో 95 శాతం దాకా ఆ అప్పుతో నడిపించొచ్చు, తిరిగి కట్టాల్సిన దాంట్లో 70 శాతం కేంద్రం తన కేటాయింపుల్లో సర్దుతుంది. అలాంటి బేరం కుదిరితే ఎవరు కాదంటారు? భవనాలు లేచాయి. వాటి నిర్వహణ ఖర్చు 70 శాతంలో లేదు.

ఇదంతా విని విలీనాలన్నీ దండగ అనుకుంటే పొరపాటే. నేను వాటికి వ్యతిరేకిని కాను, వాటిని అమ్మే పద్ధతికి వ్యతిరేకిని.

అదే జపాన్‌లో పాత విలీనాలు చూడండి. 1888–89లో 71,314 ఊళ్లను 15,859కి కుదించారు. ఎంత పెద్దది చేయాలి అన్నదానికి వాళ్లు పెట్టుకున్న కొలత ఒక ప్రాథమిక పాఠశాల. మూడు వందల నుంచి ఐదు వందల ఇళ్లుంటే ఒక బడిని నడపగలరని లెక్క. 1953లో మళ్లీ మొదలుపెట్టి, 9,868ని 1961 కల్లా 3,472కి తెచ్చారు. ఈసారి కొలత మిడిల్ స్కూలు, దానికి కనీసం ఎనిమిది వేల జనాభా కావాలన్నారు. యుద్ధం తర్వాత మిడిల్ స్కూలు స్థానిక సంస్థల బాధ్యత అయింది, మూడు వందల ఇళ్ల ఊరు దాన్ని మోయలేదు. పని ముందు, ఆ పనికి తగ్గ కొలత తర్వాత. తొంభైల చివర్లో మొదలైన విలీనాల్లో ఆ క్రమం తలకిందులైంది. అంత స్పష్టమైన పని ఒకటి ముందు పెట్టుకోకుండా, ఖజానా భారం తగ్గాలన్న ఆలోచనతో కలిపారు. అందుకే ఒకటో విడత, రెండో విడత బాగా పాతుకున్నాయి, మూడో విడత గురించి ఇప్పటికీ తగువులే.

పరిమాణం వల్ల నిజంగా వచ్చే లాభం ఆదా కాదు, నైపుణ్యం. ఐదు వేల మంది ఊరు మురుగునీటి శుద్ధి తెలిసిన ఇంజినీరును పూర్తికాలం పెట్టుకోలేదు. పెట్టుకున్నా అతనికి ఏడాదిలో రెండు నెలల పనే ఉంటుంది. మిగతా పది నెలలు జనన మరణ ధ్రువపత్రాల మీద సంతకాలు పెడుతూ కూర్చుంటాడు, మంచి ఉద్యోగం దొరగ్గానే వెళ్లిపోతాడు. చిన్న ఊళ్లో టెండరు పిలిస్తే, షరతులు రాసిచ్చేది చాలాసార్లు కాంట్రాక్టరే. రాయడం వచ్చినవాడు ఇంకెవడూ లేడు కాబట్టి. ఒక ఉద్యోగి సెలవు పెడితే ఆస్తిపన్ను కౌంటరు మూతపడుతుంది. ఇవి ఏ బడ్జెట్ పట్టికలోనూ కనబడని నష్టాలు. యాభై వేల జనాభాకు ఒక సంస్థ అయితే ప్రణాళిక చూసే మనిషి ఒకరు, న్యాయ వ్యవహారాలకు ఒకరు, కొనుగోళ్లకు ఒకరు దొరుకుతారు. ఖర్చు అంతే ఉండొచ్చు, పని మాత్రం పనిలా ఉంటుంది.

కాకపోతే అన్ని పనులకూ ఒకే పరిమాణం నప్పదు. ఈ మాటను ఎలినార్ ఆస్ట్రమ్ అంత శ్రద్ధగా రుజువు చేసినవాళ్లు లేరని నా అభిప్రాయం. ఆమెకు 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. 1970ల్లో ఆమె బృందం అమెరికాలో ఇండియానాపొలిస్ చుట్టుపక్కల పోలీసు శాఖలను పరిశీలించింది. చిన్న శాఖలన్నిటినీ పెద్దదానిలో కలిపేయాలని అప్పట్లో అందరూ అనేవాళ్లు. తీరా చూస్తే, ఒకే రకమైన పేటల్లో గస్తీ, ఫోను చేస్తే రావడం లాంటి పనుల్లో చిన్న శాఖలు పెద్దదానికి తీసిపోలేదు, చాలా విషయాల్లో మెరుగ్గా ఉన్నాయి. అలాగని పరిమాణం అక్కర్లేదని కూడా కాదు. నేర పరిశోధన ల్యాబు లాంటివి ప్రతి చిన్న శాఖా పెట్టుకోలేదు, అవి ఉమ్మడిగా ఉంటేనే గిట్టుబాటు. అంటే ఒక్క పోలీసు పనిలోనే గస్తీకి చిన్నది మేలు, ల్యాబుకి పెద్దది మేలు. ఇక మున్సిపాలిటీ చేసే ఇరవై ముప్పై పనుల సంగతి చెప్పాలా? వీధి దీపం మాడిపోతే మార్చడానికి వార్డు చాలు. డంపింగ్ యార్డుకు తొమ్మిది ఊళ్లూ చాలకపోవచ్చు.

కాబట్టి విలీనానికి ముందు కలిసి పనిచేయడం కుదురుతుందేమో చూడాలి. ఇందులో ఫ్రాన్స్ ఒక కొసన ఉంటుంది. అక్కడ ఊరి స్థాయి స్థానిక సంస్థను కమ్యూన్ అంటారు. ఆ కమ్యూన్ల సంఖ్య 35 వేల కిందికి దిగింది 2019లో. వాటిలో సగానికి పైగా ఐదు వందల మంది కూడా లేనివి. 1971లో ఒక చట్టం తెచ్చి కలపబోతే జనం లెక్కచేయలేదు. ఊరి మీద మమకారం ఎంతంటే, 1916లో వెర్దున్ యుద్ధంలో నేలమట్టమై మళ్లీ లేవని ఆరు ఊళ్లు ఈ రోజుకీ కమ్యూన్లే. ఒక్క మనిషీ ఉండడు, ఓటరు లేడు, అయినా మేయర్ ఉంటాడు, అతన్ని ప్రభుత్వ ప్రతినిధి నియమిస్తాడు. అలాంటి దేశం కమ్యూన్లను ముట్టుకోకుండా, వాటి పైన సుమారు 1,250 సముదాయాలు పెట్టింది. చెత్త, నీళ్లు, రవాణా లాంటివి వాటికి అప్పజెప్పి, సొంతంగా పన్ను వేసుకునే హక్కూ ఇచ్చింది. చెక్ దేశంలో ఇంకో దారి. 1990 తర్వాత అక్కడ ఊళ్లు విడిపోయి ఆరు వేలు దాటాయి. మళ్లీ కలపడం అయ్యే పని కాదని గ్రహించి, 2003 నుంచి 205 పట్టణాలకు అదనపు అధికారాలు ఇచ్చారు. గుర్తింపు కార్డు, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు లాంటి పనులకు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆ పట్టణానికి వెళ్తారు. ఊరి పాలకమండలి ఊళ్లోనే ఉంటుంది. కాలిఫోర్నియాలో లేక్‌వుడ్ అనే పట్టణం 1954లో ఏర్పడినప్పుడు పోలీసులతో సహా చాలా సేవలను సొంతంగా పెట్టుకోకుండా లాస్ ఏంజెలెస్ కౌంటీ దగ్గర ఒప్పందం మీద కొనుక్కుంది. దాన్ని చూసి మిగతా పట్టణాలూ అదే బాట పట్టాయి.

కొన్నిసార్లు అంత కూడా అక్కర్లేదు, ఒక్క ప్రమాణం చాలు. 1904 ఫిబ్రవరిలో అమెరికాలోని బాల్టిమోర్ నగరం తగలబడుతుంటే చుట్టుపక్కల నగరాల నుంచి అగ్నిమాపక దళాలు రైళ్లలో వచ్చాయి. వాళ్ల గొట్టాలు బాల్టిమోర్ నీటి కుళాయిలకు పట్టలేదు, ఎవరి మరలు వాళ్లవి. మనుషులున్నారు, యంత్రాలున్నాయి, నీళ్లున్నాయి, చూస్తూ నిలబడాల్సి వచ్చింది. దానికి కావాల్సింది నగరాల విలీనం కాదు, మర కొలతల మీద ఒప్పందం. మీ తొమ్మిదింటిలోనూ ఇలాంటి మరలు ఎన్ని ఉన్నాయో ముందు లెక్కపెట్టండి. పన్ను సాఫ్ట్‌వేరు, చెత్తబండ్ల తొట్టెల కొలత, భవన అనుమతుల దరఖాస్తు ఫారం. వీటిని కలపడానికి ఎవరి ఊరి పేరూ పోదు.

ఉమ్మడి ఏర్పాట్లలో లొసుగు లేదా అంటే, ఉంది, పెద్దదే. జవాబుదారీ ఎవరిదో తెలియదు. నీళ్లకు ఒక బోర్డు, చెత్తకు ఇంకో సంఘం, బస్సులకు మూడోది. ఒక్కోదాని సరిహద్దు ఒక్కోలా ఉంటుంది. అమెరికాలో స్థానిక ప్రభుత్వాలు 90 వేలకు పైనే, వాటిలో పెద్ద వాటా ఒక్కో పనికి ఒక్కోటిగా పుట్టిన ప్రత్యేక జిల్లాలదే. కుళాయిలో మట్టి నీళ్లొస్తే ఎవరికి ఓటు వేయకూడదో పౌరుడికి అర్థం కాదు. నాది ఒక బండ లెక్క: ఉమ్మడి సంఘాలు రెండు మూడు దాటితే, అవన్నీ అవే ఊళ్ల మధ్య అయితే, అప్పటికే మీరు సగం కలిసిపోయినట్టు. అప్పుడు పూర్తిగా కలిసి, ఎన్నికైన మండలి చేతికి పగ్గాలివ్వడమే నయం. ఫిన్లాండ్ వాళ్లు ఆసుపత్రుల కోసం ఏళ్ల తరబడి ఉమ్మడి సంఘాలు నడిపి, చివరికి 2023 జనవరిలో ఆరోగ్య, సంక్షేమ సేవలను మున్సిపాలిటీల నుంచి తీసి, ఎన్నికైన మండళ్లున్న 21 ప్రాంతాలకు ఇచ్చేశారు. హెల్సింకి ఒక్కటే తన సేవలు తనే చూసుకుంటోంది. పని ఊరి స్థాయి దాటిపోయిందనుకున్నప్పుడు ఊరిని సాగదీయకుండా పనినే పైకి పంపారు. నాకు నచ్చిన దారి అది.

సరే, అన్నీ చూసుకుని కలవాలనే తేల్చుకున్నారనుకుందాం. బలవంతమా, ఇష్టమా? పూర్తిగా ఇష్టానికి వదిలేస్తే డబ్బున్న ఊరు డబ్బున్న ఊరినే వెతుక్కుంటుంది. అప్పుల్లో ఉన్న ఊరి వైపు ఎవరూ చూడరు. స్వీడన్‌లో 1952కి ముందు రెండున్నర వేల దాకా ఉన్నవి 1,037 అయ్యాయి. 1962లో రెండో విడత ఇష్టపూర్వకంగా మొదలుపెట్టారు. నత్తనడక నడుస్తుంటే 1969లో తప్పనిసరి చేశారు. 1974 కల్లా 278 మిగిలాయి. ఆ తర్వాత కొన్ని విడిపోయి ఇప్పుడు 290 ఉన్నాయి. డెన్మార్క్ మధ్యేమార్గం పట్టింది. ఇరవై వేల జనాభా ఉండాలి, తోడు ఎవరో మీరే వెతుక్కోండి, చిన్న దీవులైతే కలవకుండా పక్క పెద్ద మున్సిపాలిటీతో కట్టుదిట్టమైన ఒప్పందం చేసుకోవచ్చు, గడువు మాత్రం 2005 జనవరి. గడువులోగా దాదాపు అందరూ జంటలు కుదుర్చుకున్నారు. ఎస్టోనియా 2017లో ఐదు వేల గీత గీసి అదే బాటలో 213ని 79 చేసింది. యుక్రెయిన్‌లో 2015 నుంచి కలిసినవాళ్లకి ఆదాయపు పన్నులో 60 శాతం వాటా ఇచ్చి, బడ్జెట్ విషయంలో నేరుగా కేంద్రంతో లావాదేవీలు జరిపే హోదా ఇచ్చారు. పది వేలకు పైగా ఉన్న ఊరి మండళ్లు 2020కి 1,469 సంఘాలయ్యాయి. అక్కడ నాకు నచ్చింది ఇంకోటుంది. మండలి పోయిన ఊళ్లకు “స్తారోస్తా” అని ఒక పెద్దను ఉంచారు. ఊరివాళ్ల కాగితం పట్టుకుని కొత్త ఆఫీసుకు వెళ్లే మనిషి అతను.

అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది స్విట్జర్లాండ్‌లోని గ్లారుస్. చిన్న ప్రాంతం, 25 మున్సిపాలిటీలు, అవి కాక బడులకు వేరే సంస్థలు, పేదల సాయానికి వేరే సంస్థలు. అక్కడ ఏటా పౌరులంతా ఆరుబయట చేరి చేతులెత్తి ఓటేస్తారు. 2006 మేలో ప్రభుత్వం పది చేద్దామని ప్రతిపాదించింది. ఒక మామూలు పౌరుడు లేచి, పది కాదు మూడు చాలన్నాడు. చేతులు అతని వైపే లేచాయి. ప్రభుత్వమే బిత్తరపోయింది. తొందరపాటేమోనని మరుసటి ఏడాది మళ్లీ సభ పెట్టించారు. మళ్లీ మూడే అన్నారు. 2011 నుంచి మూడే. పైవాడు రుద్దితే పదికి కూడా మొత్తుకునేవాళ్లు, తామే చేయెత్తారు కాబట్టి మూడింటిని భరించారు.

రుద్దితే ఏమవుతుందో చెప్పే ఉదాహరణలకూ కొదవ లేదు. 2002లో కెనడాలోని మాంట్రియల్ దీవిలో ఉన్న 28 మున్సిపాలిటీలను ఒకటి చేశారు. 2004 జూన్‌లో కొత్త ప్రభుత్వం ఓటు పెడితే 15 బయటికొచ్చాయి, 2006 నుంచి మళ్లీ వేరు. తమాషా ఏమిటంటే, బయటికొచ్చినవాళ్లకి పాత అధికారాలన్నీ రాలేదు. పోలీసు, అగ్నిమాపకం లాంటివి దీవి మొత్తానికి ఒక ఉమ్మడి మండలి చేతిలో ఉన్నాయి. కలపడానికి ఒక ఖర్చు, విడగొట్టడానికి ఒక ఖర్చు, చివరికి మూడో రకం ఏర్పాటు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 2008లో 157ని 73 చేస్తే, 2013లో నాలుగు ప్రాంతాలు ఓటేసి విడిపోయాయి, విడిపోయే ఖర్చు మీరే భరించాలన్నా సరేనన్నాయి. పశ్చిమ జర్మనీలో గీసెన్, వెట్జ్‌లార్ అనే రెండు పాత పట్టణాలను చుట్టుపక్కల ఊళ్లతో కలిపి 1977 జనవరిలో “లాన్” అనే నగరం పుట్టించారు. అక్కడ పారే నది పేరే అది. నది పేరుకి ఎవరికీ అభ్యంతరం ఉండదనుకున్నారు కాబోలు. కార్ల నంబరు ప్లేట్లు కూడా మార్చారు. రెండున్నరేళ్లకే, 1979లో, నగరాన్ని రద్దు చేయాల్సి వచ్చింది.

పేరంటే గుర్తొచ్చింది. పేరును ఆఖరి చిల్లర పనిగా వదిలేయకండి. జపాన్‌లో రెండు పట్టణాలు కలవబోతూ, దగ్గర్లోని విమానాశ్రయం ముద్దుపేరు తగిలించి “మినామి సెంట్రేయా” అని పెట్టుకుందామనుకున్నాయి. దేశమంతా నవ్వింది. 2005లో ఓటు పెడితే జనం పేరుతోపాటు విలీనాన్నే తిప్పికొట్టారు. రెండు ఊళ్లూ ఇప్పటికీ వేరుగానే ఉన్నాయి.

ప్రజాస్వామ్యం విషయంలో, విలీనం వద్దనేవాళ్లు చెప్పేది ఉత్త భావోద్వేగం కాదు, అందులో నిజం ఉంది. డెన్మార్క్‌లో విలీనం తర్వాత కౌన్సిలర్ల సంఖ్య సుమారు నాలుగు వేల ఆరు వందల నుంచి రెండున్నర వేలకు పడిపోయింది. “స్థానిక రాజకీయం నాకు అర్థమవుతుంది, అందులో నేను పాల్గొనగలను” అన్న నమ్మకం కలిసిన చోట్ల తగ్గిందని అక్కడి పరిశోధకులే తేల్చారు. దీనికి పూర్తి విరుగుడు లేదు. కొంత విరుగుడుంది: పాత ఊరికో చిన్న కమిటీ, దానికి సలహా చెప్పే హక్కు మాత్రమే కాక కాస్త సొంత డబ్బు, పార్కు, శ్మశానం, వీధి దీపాల లాంటివి తనే తేల్చుకునే అధికారం. డబ్బు లేని కమిటీ రెండేళ్లలో కోరం లేక మూతపడుతుంది. అలా మూతపడ్డ కమిటీల మినిట్స్ పుస్తకాలు నా అల్మారాలో చాలా ఉండేవి, సగం పేజీలు తెల్లవే.

ఇక అసలు పని రిజిస్టర్ల దగ్గర ఉంటుంది. నా రెండో విలీనం గురించి చెప్తాను. పక్కపక్క పట్టణాలు రెండు. ఒకదానిలో ఆస్తిపన్ను రిజిస్టరు ఇంటి నంబరు వారీగా ఉంది, ఇంకోదానిలో యజమాని పేరు వారీగా. ఒకరు బయటి గోడ నుంచి బయటి గోడకు కొలిచారు, ఇంకొకరు లోపలి కొలత తీసుకున్నారు. అంటే ఒకే ఇల్లు ఈ పట్టణంలో ఉంటే ఒక పన్ను, వీధి దాటి అవతల ఉంటే ఇంకో పన్ను. పైగా రెండు చోట్లా ఒకే పేరున్న వీధులు పదకొండు. మేం మొదటి ఉమ్మడి బిల్లులు పంపిన వారం కౌంటరు ముందు వరస గేటు దాటి రోడ్డు మీదికి పోయింది. ఒక పెద్దాయన రెండు బిల్లులు పట్టుకొచ్చాడు, రెండూ ఆయన పేరు మీదే, రెండూ ఒకే వీధి పేరు మీదే, ఒకటి మాత్రం ఆయన ఎప్పుడూ చూడని ఇంటిది. అవన్నీ సరిచేయడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ వసూళ్లు పడిపోయాయి. విలీనం నివేదికలో ఈ సంగతికి ఒక్క వాక్యం కూడా లేదు.

అందుకే పన్ను రేట్లను ఒక్క రాత్రిలో సమానం చేయకండి. ఫ్రాన్స్‌లో కమ్యూన్లు కలిసినప్పుడు పన్ను రేట్లను పన్నెండేళ్ల దాకా మెల్లగా దగ్గరికి తెచ్చుకోవచ్చు. అది సోమరితనం కాదు, తెలివి. విలీనం అన్న మాట బయటికొచ్చిన రోజు నుంచే కొత్త అప్పులకూ ఆస్తుల అమ్మకాలకూ ఎవరో ఒకరి అనుమతి తప్పనిసరి చేయండి, లేకపోతే నేను చెప్పిన సమావేశ మందిరం మీ ఊళ్లోనూ లేస్తుంది. పాత ఆఫీసుల్లో కౌంటరు ఒకటి, దాని వెనక పేరు తెలిసిన మనిషి ఒకరు కనీసం ఐదేళ్లు ఉండాలి.

మీ తొమ్మిదింటి గురించి నన్ను అడిగితే, ఒక పెద్ద కాగితం తీసుకుని ఎడమవైపు పనులన్నీ రాయండి, పైన తొమ్మిది ఊళ్ల పేర్లు. ఏ పని ఏ ఊళ్లో గత మూడేళ్లలో మనిషి లేక ఆగిపోయిందో గడిలో గుర్తు పెట్టండి. డబ్బు లేక ఆగినదాన్ని వేరే రంగుతో పెట్టండి, ఎందుకంటే తొమ్మిది పేద ఊళ్లను కలిపితే వచ్చేది ఒక పెద్ద పేద ఊరే. మనిషి లేని గుర్తులు ఒకటి రెండు వరసల్లోనే ఉంటే ఆ పనులకు ఉమ్మడి ఒప్పందం రాసుకోండి. కాగితం నిండా ఉంటే కలవడం గురించి మాట్లాడండి, ముందు ఆస్తిపన్ను రిజిస్టర్లు తెప్పించుకుని.